వేసవి చెరువులో కొర్రమీను వేట

యాసంగి కోతలు ముగిసి తూములు మూసిన తరువాత చెరువు నానాటికి చిక్కిపోవును. నీరు చిక్కిన కొలది దాని చుట్టూ సందడి మాత్రము పెరుగును. తెల్లవారగానే బర్రెలు దిగును. రేవు దగ్గర బట్టలు ఉతుకుదురు. సెలవులలో పిల్లలు ఈతకు వచ్చెదరు. ఒక ప్రక్క పూడిక మట్టి కొరకు ట్రాక్టర్లు, వేరొక ప్రక్క మత్స్య సహకార సంఘము వారి వలలు. ఇంత సందడి నడుమ, మోకాటి లోతు నుండి నిలువు లోతు వరకు మిగిలిన ఆ కొద్దిపాటి మడుగులోనే కొర్రమీను దాగి ఉండును. వల లాగినపుడు బురదలో దూరి, వల పోయిన తరువాత పైకి తేలు చేప అది. అందుచేత దానికి గాలమే తగిన సాధనము. ఆ గాలము ఎట్టిది, ఏ వేళ, ఏ చోట వేయవలెను, చెరువును వాడుకొను తక్కినవారికి ఇబ్బంది లేకుండ ఆ పని ఎట్లు సాగవలెనను సంగతులను ఇందు తెలుపుచున్నాము.

గాలము వేయుట పనిలేనివారి సరదా కదా, దానికి వ్యవసాయ పత్రికలో చోటెందుకని కొందరు అనవచ్చును. చెరువులో చేప పిల్లలను వదలి పెంచు గ్రామములలో ఇది సరదా కాదు. తెలంగాణలో చెరువులకు ఉచితముగా చేప పిల్లలను ఇచ్చు పథకము 2016-17లో ప్రారంభమైనది. ఎండిపోవు చిన్న చెరువులలో 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలను, నీరు నిలుచు పెద్ద చెరువులలో 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలను వదలుట ఆ పథకములోని పద్ధతి. వ్రేలి కణుపులంతటి బొచ్చె, రోహు పిల్లలను వానకాలములో నీటిలో విడిచినపుడు, వేసవి మడుగులో మిగిలిన ముదురు కొర్రమీనులు వాటి కొరకు కాచుకొని ఉండును. పిల్లలు వదలినాము, పెరిగినవి కనబడలేదని సంఘము వారు వాపోవుచోట్ల కారణము ఇదొక్కటే అనలేము కాని, ఇదియు ఒకటి. వేసవిలో కొర్రమీనును తగ్గించిన చెరువులో వచ్చే పంట పిల్లలకు ప్రాణరక్షణ కలుగును. పైగా బ్రతికియున్న కొర్రమీనునకు అంగడిలో బొచ్చె, రోహుల కంటె ఎంతో హెచ్చు ధర పలుకును. వంటకు దీనిని మించినది లేదని తెలంగాణ పల్లెలలో నమ్మకము. 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించుటకును ఆ ఆదరణయే మూలము కావచ్చును.

మొదట చేపను గుర్తుపట్టవలెను. కొర్రమీను తల పాము తల వలె చదునుగా ఉండును. ఒడలు గుండ్రముగా, పొడుగుగా, వీపు ముదురు రంగుగా, పొట్ట తెల్లగా ఉండును. మట్టగిడస దీనికి చుట్టమే గాని వేరు జాతి. దాని ఒంటిపై నల్లని చుక్కలుండును, అంతగా పెరగదు. మట్టగిడసను పట్టి కొర్రమీను పిల్ల అని అమ్మువారు లేకపోలేదు.

ఈ చేప నడవడి

కొర్రమీను తక్కిన చేపల వలె మొప్పలతో మాత్రమే శ్వాసించదు. దాని తలలో మొప్పలకు పైభాగమున గాలి నిలుచు అర ఒకటి కలదు. మాటి మాటికి నీటిపైకి వచ్చి గాలి మ్రింగి, మరల క్రిందికి పోవును. ఈ ఏర్పాటు వలననే బురదగుంటలలో సైతము బ్రతుకును. ఒడలు తడిగానున్నంత సేపు గట్టుపైన కూడ ప్రాణముతో ఉండును. అయితే ఈ సదుపాయమే దానికి కట్టుబాటు కూడ అయినది. పైకి వచ్చి గాలి పీల్చకుండ అడ్డగించినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. వేటగానికి ఇందులో రెండు ప్రయోజనములు కలవు. ఒకటి, ఎంత దాగినను చేప తన ఉనికిని తానే తెలుపును. రెండవది, పట్టిన చేపను ఎట్లు నిలువ చేయవలెనో తెలియును. దానిని గూర్చి ముందు చెప్పెదము.

తెల్లవారుజామున గట్టుపై కదలక కూర్చుండి నీటిని చూడవలెను. తుంగ దుబ్బు అంచున ఒక్క చేప గుటుక్కున గాలి మ్రింగి, చిన్న వలయమును విడిచి, మాయమైనచో అది కొర్రమీను గాని మట్టగిడస గాని అయి ఉండును. కొంత సేపటికి అదే తావున, లేక రెండు మూడు గజముల దూరమున, మరల లేచును. రెండు మూడు మారులు చూచిన పిమ్మట దాని తిరుగుడు చోటు తెలిసిపోవును. గాలము వేయుటకు ముందు ఈ చూపునకు అరగంట వెచ్చించినవాడు, గాలము పట్టుకొని చెరువు చుట్టూ తిరుగువాని కంటె ముందుగా ఇంటికి పోవును.

గుంపులు గుంపులుగా చేపలు నోళ్లు తెరచి నీటిపైననే నిలిచి, అలికిడి చేసినను క్రిందికి పోకుండినచో అది వేటకు మంచి శకునమని సంతోషింపరాదు. అది ప్రమాద సూచన. నీరు వేడెక్కిన కొలది అందులో ఇముడు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి గల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడగా, 30 డిగ్రీలయందు అది ఏడున్నర మిల్లీగ్రాములే. రాత్రివేళ నాచు, కలుపు మొక్కలు సైతము ప్రాణవాయువును వాడుకొనుట చేత తెల్లవారుజామునకు అది మరింత అడుగంటును. లీటరునకు 3 మిల్లీగ్రాములకు తగ్గినచో బొచ్చె, రోహులు అల్లాడును. గాలి మ్రింగు కొర్రమీనునకు ఆ బాధ లేదు. ఇట్టి సూచన కనబడిన ఉదయము గాలము ప్రక్కనబెట్టి సంఘము వారికి కబురు చేయవలెను. వారు పెద్ద చేపలను వెంటనే పట్టి అమ్ముకొని గుంపును పలుచబరచవచ్చును. మోటారుతో అదే నీటిని తోడి ఎత్తునుండి మరల చెరువులోనికే చిమ్మించిన కొంత ప్రాణవాయువు చేరును. ఒక్క రాత్రి ఆలస్యమున మొత్తము పంట తెల్లని పొట్టలతో తేలుట జరుగును.

చోటు, వేళ

కొర్రమీను ప్రధానముగా కంటితో చూచి, మాటువేసి, ఎరపై దుముకు చేప. బర్రెలు దిగిన రేవులో ఎనిమిది గంటలకే నీరు బురదబారును. అలికిడి వలన చేప బెదరును, బురదలో ఎర కనబడదు. కావున సందడి గల చెరువున తెల్లవారుటకు ముందు గంట, తెల్లవారిన తరువాత గంటన్నర మంచి వేళ. మరల పశువులు ఇండ్లకు మరలిన పిమ్మట సాయంకాలము ఒక గంట. నట్టనడి ఎండలో చేప నీడలను వెదకికొని కదలక పడియుండును. అప్పుడు గాలము వేయువాడు ఎండదెబ్బ తినుట తప్ప వేరు లాభము లేదు.

చోట్లు చెరువు చెరువునకు మారును. అయినను కొన్ని గుర్తులు అన్నిచోట్ల పనికివచ్చును. తూము ముందరి లోతు, తామరాకుల నడుమ ఖాళీలు, గుర్రపుడెక్క అంచులు, తుంగ దుబ్బులు, కట్ట రాతి పేర్పులోని సందులు, పడిపోయిన తుమ్మచెట్టు కొమ్మల క్రింద చూడవలెను. రేవునకు ఎదురు దిక్కున, మత్తడి వైపున జన సంచారము తక్కువ గనుక పెద్ద చేపలు అటు చేరియుండుట సహజము. ఆకుల క్రింద నీడయు, ప్రక్కనే తేటనీరును ఉన్న సరిహద్దు ముఖ్యము. చేప నీడలో నుండును, ఎర వెలుతురులో ఆడవలెను.

ఎండలు మండి మండి, ఒక సాయంకాలము మబ్బు పట్టి గాలి చల్లబడినపుడు కొర్రమీను పట్టపగలే ఎరకు వచ్చుట కలదు. అది ఆశపడవలసిన వేళయే గాని అదే పిడుగులు పడు వేళ కూడ. బయలు కట్టపైన పది అడుగుల కర్ర ఎత్తి పట్టుకొని నిలుచుట కంటె ప్రమాదము వేరొకటి లేదు. ఉరుము వినబడగానే కర్ర దించి కట్ట దిగి ఇల్లు చేరవలెను. చెట్టు క్రింద నిలువరాదు.

సామగ్రి

కర్ర పది, పన్నెండు అడుగుల గట్టి వెదురుదై ఉండవలెను. బొంగు వెదురు కలుపులో చేప లాగినపుడు ఫెళ్లున విరుగును. నీడలో ఆరబెట్టి, నూనె పట్టించి, ప్రతి కణుపు దగ్గర దారముతో కట్టు వేసినచో నాలుగైదేండ్లు పనికివచ్చును. పట్టణములలో చక్రము గల కర్రలు అమ్ముచున్నారు. విశాలమైన జలాశయములలో వాటికి ఉపయోగము కలదు. మన ఊరి చెరువులో, పది అడుగులలోపల చేప ఉన్నచోట, వెదురు కర్రయే మేలని మా అభిప్రాయము.

నైలాను దారము అర మిల్లీమీటరు మందము ఉండవలెను. రోహు, మృగాలలకు సన్న దారము కావలెను గాని, ఆకుల నడుమ నుండి కొర్రమీనును ఈడ్చుటకు సన్నదారము నిలువదు. ఈ చేపకు వాడియైన పండ్లుండుట చేత ముల్లునకు పైన జానెడు దారము ఊరక కోసుకొనిపోవును. అచ్చట దారమును రెండు పేటలు చేయవలెను, లేదా సన్నని తీగ ముక్కను కట్టవలెను. రెండు చేపలు పట్టిన తరువాత ఆ జానెడు భాగమును వ్రేళ్లతో తడవి చూచి, గరుకు తగిలినచో కోసి క్రొత్తగా ముడివేయవలెను. పెద్ద చేప పోయినదని చింతించువారిలో చాలమంది ఈ ఒక్క పని చేయనివారే.

ముల్లు ఒంటిదిగా, నోరు అర అంగుళమునకు తగ్గకుండ ఉండవలెను. కొర్రమీను దవడ గట్టిది, మొద్దు ముల్లు దిగదు. మొన పదునును బొటనవ్రేలి గోటిపై ఆనించి చూడవలెను. జారినచో సానరాతిపై పదును పెట్టవలెను, గోరు పట్టినచో చాలును. లోతు నీటిలో వానపాముతో వేయునపుడు జీలుగు బెండు, చిన్న సీసపు గుండు కావలెను. ఆకుల నడుమ పైపైన ఆడించు గాలమునకు ఆ రెండును అక్కరలేదు.

ఎరల మాటకు వచ్చినచో, చిన్న పరిగె, రొయ్య, వానపాము అన్నియు పనిచేయును. వెనుకటి నుండి పేరు పడినది మాత్రము కప్ప. కొర్రమీను కప్పను విడువదు. కాని వరిచేలలో పురుగులను తిను కప్పను తెచ్చి ముల్లునకు గ్రుచ్చుట రైతునకు నష్టదాయకము. కప్పకాళ్ల ఎగుమతిని భారత ప్రభుత్వము 1987లో నిలిపివేసినది. అట్టి ప్రాణిని ఒక్క చేప కొరకు చంపనవసరము లేదు, ఏలయనగా దానికి చక్కని ప్రత్యామ్నాయము కలదు.

అమెరికా సరస్సులలో బాస్ అను చేపను గాలముతో పట్టుట లక్షలాది ప్రజల అలవాటు. ఆ చేపకు మన కొర్రమీనుతో చుట్టరికము లేదు గాని, నడవడి ఒక్కటే. అదియు ఆకుల నీడలో మాటువేసి కప్పలను, చిన్న చేపలను మ్రింగును. వేసవి సెలవులలో అచ్చటి సరస్సులు మోటారు పడవలతో క్రిక్కిరిసి ఉండును గనుక అచ్చటి వేటగాండ్రును తెల్లవారుజామునే, కలుపు దట్టముగానున్న మూలలకు పోవుదురు. వారు వాడు బోలు రబ్బరు కప్ప ఇప్పుడు మన పట్టణములలోను దొరకుచున్నది. దాని ముండ్లు రెండును వీపునకు అంటుకొని పైకి తిరిగియుండుట చేత ఆకులపై లాగినను చిక్కుకొనవు. చేప నోటితో నొక్కినపుడు రబ్బరు అణగి ముండ్లు బయటపడును. ఒక్క రబ్బరు కప్ప ఒక వేసవి గడుపును. వెల మొదట ఎక్కువనిపించినను నలుగురు కలిసి కొనుట తేలిక.

ఆడించు తీరు

రబ్బరు కప్పను చేప లేచిన చోటనే విసరరాదు. దానికి రెండు గజములు అవతల, వీలైనచో ఆకుపైన పడునట్లు వేయవలెను. కొంత తడవు కదపక ఉంచి, పిమ్మట కర్ర కొనతో చిన్న చిన్న కుదుపులిచ్చుచు కప్ప గంతుల వలె తేవలెను. ఆకుల అంచు దాటి ఖాళీ నీటిలోనికి జారగానే నిలుపవలెను. కొర్రమీను తరచుగా దుముకునది ఆ నిలుపుదలలోనే. దుమికినపుడు నీరు బుడుంగున పగులును, వేటగాని గుండె జల్లుమనును, చేయి తనంతట తానే కర్రను లేపును. అక్కడనే చేప తప్పిపోవును. నీరు పగిలిన తరువాత ఒకటి, రెండు అని లెక్కించి, దారము ప్రక్కకు సాగుట చూచి, అప్పుడు గట్టిగా ఎత్తవలెను. ఎత్తిన వెంటనే చేప తలను నీటిపైకి తేవలెను. దానికి క్రిందికి పోవు వ్యవధి ఇచ్చినచో తుంగ మొదళ్లకు దారమును చుట్టి తెంపుకొనును.

గట్టుకు తెచ్చిన చేపను ఒట్టి చేతితో పట్టరాదు. జిగట వలన జారును. తడి గోనెగుడ్డతో తల వెనుక పట్టవలెను. ముల్లు తీయుటకు నోటిలో వ్రేలు పెట్టక చిన్న పటకారు వాడవలెను.

ధర అంతయు ప్రాణముమీదనే ఆధారపడియున్నది. చాలమంది మంచి చేయుచున్నామనుకొని డబ్బాను అంచు వరకు నీటితో నింపి మూత బిగింతురు. పైన గాలి లేని నీటిలో కొర్రమీను చచ్చును. డబ్బాలో చేప వీపు మునుగునంత నీరు చాలును. పైన మూడు వంతులు ఖాళీ ఉండవలెను. ఇది ఎగిరి దుముకుటలో దిట్ట గనుక మూతకు బదులు వల గుడ్డను గట్టిగా కట్టి, దానిపై తడి గోనె కప్పి, నీడనుంచవలెను. ఆ విధముగా సంతకు ప్రాణముతోనే చేరును.

చెరువు అందరిది

చెరువులో చేపలపై హక్కు సాధారణముగా మత్స్య సహకార సంఘమునకు ఇవ్వబడియుండును. ముదిరాజు, గంగపుత్ర సోదరుల జీవనము దానిపైన ఉన్నది. గాలము వేయదలచినవారు సంఘము అధ్యక్షునితో ముందుగా మాట్లాడుకొనవలెను. కొర్రమీనును మాత్రమే పట్టెదమని, గాలమునకు పడిన బొచ్చె, రోహులను విడిచెదమని ఒప్పందము చేసికొనిన సంఘము వారు కాదనుటకు కారణముండదు. కొన్ని గ్రామములలో సంఘము వారే యువకులను పిలిచి గాలము వేయించి, చేపలో సగము పంచుకొనుట సాధ్యమగును.

రేవు వద్ద గాలము వేయరాదు. వెనుకకు విసరునపుడు ఎవరున్నదీ చూడవలెను. తెగిన దారపు ముక్కలను, ముండ్లను గట్టుపైన గాని లోతులేని నీటిలో గాని విడువరాదు. బర్రె కాలిలో, పిల్లవాని అరికాలిలో దిగిన ముల్లును ఎదురు ముల్లు వలన లాగి తీయుట సాధ్యపడదు. దారము కొంగల కాళ్లకు చుట్టుకొనును. ఒక పాత సీసాలో వేసి ఇంటికి తెచ్చుట కష్టమైన పని కాదు.

పూడిక తీసిన చెరువులలో ఇంకొక ప్రమాదము కలదు. మట్టి తీసిన గోతులు మోకాటి లోతు నీటి ప్రక్కనే రెండు నిలువుల లోతు ఉండవచ్చును. పై నుండి చూచినచో తేడా తెలియదు. వేసవిలో ఈతకు దిగిన పిల్లలు ఇట్టి గోతులలోనే మునిగిపోవుచున్నారు. నీరు తగ్గినపుడే గోతులను గుర్తించి, వాటి చుట్టూ పొడవైన కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టించుట పంచాయతీ కార్యదర్శి ఒక్క పూటలో చేయించగల పని. చిక్కిన గాలమును విడిపించుటకు తెలియని నీటిలో దిగుట కంటె దారము తెంచుకొనుట మేలు.

మందు కలిపి చేపలను చంపుట, తూటాలు పేల్చుట 1897 నాటి భారత మత్స్య చట్టముననే నేరములుగా చెప్పబడినవి. ఇటీవల పంపుసెట్టు తీగ నుండి కరెంటు నీటిలోనికి వదలు దుష్టపద్ధతి కొన్నిచోట్ల వ్యాపించినది. నీరు త్రాగుటకు దిగిన పశువు, ఆ సంగతి తెలియక కాలు పెట్టిన మనిషి, చివరకు తీగ పట్టినవాడే చచ్చుట దాని ఫలితము. పురుగుమందు చల్లిన మడుగులోని చేప తినుటకు పనికిరాదు, ఆ నీరు పశువులకును పనికిరాదు. గ్రామాధికారులు ఇందులో మొగమాటపడరాదు.

మే నెలలో ఒక్క ఆవిరి క్రిందనే ఇంచుమించు ముప్పాతిక అడుగు మొదలు అడుగు వరకు నీరు పోవును. తూము గడప దిగువ మిగిలిన నీటిని మోటార్లతో తోడినచో చేపలేకాదు, పశువుల నీరు కూడ పోవును. ఏ మట్టము వరకు తోడవచ్చునో ఆయకట్టు రైతులు, సంఘము వారు కలిసి ఏప్రిల్ లోపల నిర్ణయించి, తూము రాతిపై రంగు గీత వేయించుట మంచిది. గీత కంటికి కనబడుచుండగా తగవు తక్కువ.

తొలకరి పడి క్రొత్త నీరు చేరగానే కొర్రమీను జత కట్టి, కలుపు నడుమ గుండ్రని గూడు చేసి గ్రుడ్లు పెట్టును. కొన్నాళ్లకు నీటిపై ఇటుకరంగు పిల్లలు ముద్దగా కదలుచుండును. వాటి క్రింద తల్లిదండ్రులు కావలి కాయును, దేనినైనను కరచును. ఆ సమయమున గాలము వేసినచో చేప తప్పక పడును, పిల్లలన్నియు తక్కిన చేపల పాలగును. చెరువులో కొర్రమీనును తగ్గించుట మన పని గాని, లేకుండ చేయుట కాదు. కావున తొలకరి మొదలు వానలు నిలుచు వరకు ఎర్రని ముద్ద కనబడిన తావున గాలము వేయరాదు. వేసవిలో పట్టినవానిలోను అరకిలోకు తక్కువైనవానిని అదే నీటిలో విడువవలెను. ఎదురు ముల్లును ముందుగానే పటకారుతో నొక్కి ఉంచినచో చిన్న చేప గాయపడక విడిపోవును.